కంప్యూటర్ టైం ఇంటర్నెట్ టైంతో కలవాలంటే: ఏది ముందు, ఏది తర్వాత

‘సింక్ నొక్కాను, అయినా టైం మారలేదండీ.’ అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసే మా షాపులో ఈ మాట వినని వారం ఉండదు. రావులపాలెం నుంచి ఒకరు, రాజోలు నుంచి ఇంకొకరు ఫోన్ చేసి ఇదే అడుగుతారు. ఫోన్‌లో సగం చెప్పేసరికి కరెంటు పోతుంది, మిగతా సగం రేపటికి పడుతుంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

సింక్ నొక్కడం, అంటే ఇంటర్నెట్‌లోని టైం సర్వర్‌ని అడిగి గడియారం కలుపుకోవడం, ఈ పనిలో ఆఖరి మెట్టు. దానికి ముందు బ్యాటరీ, టైమ్ జోన్, తేదీ, ఈ మూడూ వరసగా సరిచేసుకోవాలి. ఆ వరస తప్పితే సర్వర్ సరైన జవాబు ఇచ్చినా స్క్రీన్ మీద టైం తప్పుగానే కనిపిస్తుంది.

టైం తప్పితే ఏమవుతుందిలే అనుకోకండి. తేదీ బాగా వెనకబడితే బ్యాంకు సైట్లు తెరుచుకోవు, బ్రౌజర్ ‘యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్’ అని ఆపేస్తుంది. లాగిన్‌కి 30 సెకన్లకోసారి మారే కోడ్ ఇచ్చే యాప్ మీ కంప్యూటర్‌లోనే ఉంటే, నిమిషం తేడాకే ఆ కోడ్ చెల్లకపోవచ్చు. ఏ ఫైలు కొత్తదో, ఏ బ్యాకప్ పాతదో తేల్చుకోలేని టెన్షన్ వేరే.

1. ముందు తేడా ఎంతో కాగితం మీద రాయండి

ఏదీ మార్చకముందే చేయాల్సిన పని ఇది. ఫోన్‌లో టైమ్ డాట్ ఈజ్ అనే సైట్ తెరిచి, కంప్యూటర్ స్క్రీన్ పక్కన పెట్టండి. రెండింటికీ తేడా గంటల్లో, నిమిషాల్లో, సెకన్లలో రాసుకోండి. తేదీ, సంవత్సరం కూడా చూడండి. చాలామంది గంటలు చూసి ఊరుకుంటారు, సంవత్సరం చూడరు.

ఆ తేడాను బట్టే జబ్బు ఏమిటో చాలావరకు తెలిసిపోతుంది:

- సంవత్సరాల తేడా, మదర్‌బోర్డు తయారైన కాలం నాటి తేదీ: బ్యాటరీ అయిపోయింది.
- రోజూ ఉదయం కొంచెం కొంచెం వెనకబడటం: బ్యాటరీ అయిపోవడానికి దగ్గర పడింది.
- సరిగ్గా 5 గంటల 30 నిమిషాల తేడా: జోన్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది, లేదా ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి.
- 13 గంటల 30 నిమిషాలు, లేదా 12 గంటల 30 నిమిషాలు వెనక: జోన్ అమెరికా పసిఫిక్ టైంలో ఉంది. విండోస్ కొత్తగా ఎక్కించినప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే.
- సరిగ్గా అరగంట తేడా: జోన్ జాబితాలో మన పైదో కిందిదో ఎంచుకున్నారు. కరాచీ అయితే అరగంట వెనక, ఢాకా అయితే అరగంట ముందు.
- సరిగ్గా 12 గంటల తేడా: చేత్తో పెట్టినప్పుడు ఏఎం, పీఎం తారుమారైంది.
- కొన్ని సెకన్లు, కొన్ని నిమిషాలు: సింక్ చాలాకాలంగా జరగడం లేదు.

ఆఖరిది అందరికీ వచ్చేదే. కంప్యూటర్‌లో టైం లెక్కపెట్టేది చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. అది పది లక్షల్లో ఇరవై వంతులు తప్పినా రోజుకు 1.7 సెకన్లు తేడా వస్తుంది, అంటే నెలకు దాదాపు 50 సెకన్లు. వేడిని బట్టి కూడా దాని వేగం మారుతుంది. కాబట్టి ఒకసారి సరిచేసి వదిలేస్తే కుదరదు.

2. బ్యాటరీ సంగతి తేల్చండి

డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఉంటుంది. దాని పేరు సీఆర్ 2032, 3 వోల్టులు. కంప్యూటర్‌కి కరెంటు అందనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. కొన్నేళ్లు బాగానే వస్తుంది.

మన వైపు రాత్రిపూట షాపు కట్టేసేటప్పుడు గోడ దగ్గర మెయిన్ స్విచ్ కూడా ఆపేయడం అలవాటు. మంచి అలవాటే, వానాకాలం పిడుగుల భయం ఉంటుంది. కానీ అలా ఆపిన ప్రతి రాత్రీ గడియారం ఆ సెల్లు మీదే నడుస్తుంది. తుపాను వచ్చి రెండు మూడు రోజులు కరెంటు లేకపోతే అప్పుడు బయటపడుతుంది దాని అసలు బలం.

పరీక్ష ఇలా చేయండి:

- రాత్రి కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసేయండి.
- నెట్ కేబుల్ కూడా తీసేయండి. వైఫై అయితే రూటర్ ఆపండి.
- ఉదయం నెట్ లేకుండానే ఆన్ చేసి టైం చూడండి.

నెట్ తీయడం ఎందుకంటే, నెట్ ఉంటే విండోస్ మీరు చూసేలోపే టైం సరిచేసుకోవచ్చు. అప్పుడు బ్యాటరీ బాగుందని పొరపాటు పడతారు. టైం వెనకబడినా, పాత తేదీ వచ్చినా సెల్లు మార్చాలి. మల్టీమీటర్ ఉంటే కొలవండి, 3 వోల్టుల కంటే బాగా తగ్గితే ఆలోచించక్కర్లేదు.

మార్చే ముందు ఒక ముఖ్యమైన పని ఉంది. సెల్లు తీస్తే బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌లో) సెట్టింగ్స్ మొదటికి పోవచ్చు. ఆన్ చేస్తూ డెల్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లి, బూట్ పేజీ, స్టోరేజ్ పేజీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి వేరేదానికి మారితే విండోస్ తెరుచుకోకుండా నిలిచిపోవచ్చు. టైం బాగుచేయబోయి కంప్యూటరే పాడైందని మా దగ్గరకు మోసుకొచ్చినవాళ్లున్నారు. ఫొటో ఉంటే ఐదు నిమిషాల్లో సరి.

తర్వాత:

- ప్లగ్ పూర్తిగా తీయండి. పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది.
- సెల్లు పక్కనున్న చిన్న క్లిప్‌ను నెమ్మదిగా వెనక్కి నెట్టితే సెల్లు పైకి లేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో బలంగా ఎత్తకండి.
- పాతది ఎటు తిరిగి ఉందో చూసి, కొత్తదీ అలాగే పెట్టండి. చాలా బోర్డుల్లో ప్లస్ గుర్తు పైకి ఉంటుంది.
- హోల్డర్ రేకుల మీద తెల్లగా, పచ్చగా చిలుము ఉందేమో చూడండి.

ఈ చిలుము సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చే సిస్టమ్‌లలో ఇది తరచూ చూస్తాను. ఉప్పు గాలికి రేకులు పాడై, కొత్త సెల్లు వేసినా కరెంటు సరిగ్గా అందదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, పూర్తిగా ఆరాక సెల్లు పెట్టండి. నీళ్లు, ఉమ్మి వద్దు.

ల్యాప్‌టాప్ అయితే మీరు విప్పకండి. కొన్నింటిలో సెల్లు వైరుతో అతికి ఉంటుంది, కొన్నింటిలో అసలు విడిగా ఉండదు.

3. టైమ్ జోన్ పెట్టండి

ఇక్కడ ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. ఇంటర్నెట్ టైం సర్వర్ మీకు భారత సమయం పంపదు. ప్రపంచమంతటికీ ఒకటే యూటీసీ పంపుతుంది. దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపేది మీ కంప్యూటరే, అదీ మీరు ఎంచుకున్న జోన్‌ను బట్టి.

అందుకే జోన్ తప్పుగా ఉంచి టైం ఒక్కటే చేత్తో మార్చినవాళ్లకు, మళ్లీ సింక్ అవగానే తప్పు టైం తిరిగొస్తుంది. ‘పొద్దున సరిచేస్తే సాయంత్రానికి మళ్లీ మారిపోతోంది, వైరస్సా అండీ?’ అని అడుగుతారు. వైరస్ కాదు, జోన్.

మన ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం తుని దగ్గరగా పోతుంది, అంటే మన డెల్టా పక్కనుంచే. అమలాపురం సుమారు 82 డిగ్రీల మీద ఉంది. సూర్యుడి సగటు లెక్కకూ మన గడియారానికీ ఇక్కడ రెండు నిమిషాలే తేడా. ఇంత దగ్గర ఉన్న మనకు కూడా కంప్యూటర్‌లో జోన్ పెట్టుకోవడం తప్పదు.

విండోస్ 10, 11లో:

- కింద కుడి మూల టైం మీద రైట్ క్లిక్ చేసి డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్ తెరవండి.
- ‘సెట్ టైమ్ జోన్ ఆటోమేటికల్లీ’ ఆపేయండి. డెస్క్‌టాప్ ఊళ్లు తిరగదు, దానికి ఇది అక్కర్లేదు.
- జాబితాలో యూటీసీ ప్లస్ 05:30, ‘చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ’ ఎంచుకోండి.

హైదరాబాద్, విజయవాడ పేర్లు వెతకకండి, ఉండవు. శ్రీ జయవర్ధనపుర అన్నది కూడా 05:30 చూపిస్తుంది, అది శ్రీలంకది. టైం ఒకటే అయినా మనది మనం ఎంచుకోవడమే మంచిది.

4. తేదీని చేత్తో దగ్గరికి తీసుకురండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే, సింక్ ఫెయిల్ అవడానికి నేను ఎక్కువగా చూసే కారణం కూడా ఇదే.

డొమైన్‌లో (ఆఫీసుల ఉమ్మడి నెట్‌వర్క్‌లో) లేని మామూలు విండోస్ కంప్యూటర్‌కి ఒక హద్దు పెట్టి ఉంటుంది. తేడా 54,000 సెకన్లు, అంటే 15 గంటలు దాటితే అది సర్వర్ మాట వినదు. ఎక్కడో పొరపాటు జరిగిందని అనుమానించి, ‘మార్పు మరీ పెద్దది’ అన్న అర్థం వచ్చే సందేశం ఇచ్చి ఊరుకుంటుంది. బ్యాటరీ పోయి తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిన కంప్యూటర్‌లో సింక్ వందసార్లు నొక్కినా అందుకే పనిచేయదు.

చేయాల్సింది:

- ‘సెట్ టైమ్ ఆటోమేటికల్లీ’ ఆపండి.
- దాని కింద ‘చేంజ్’ నొక్కి సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం ఫోన్ చూసి పెట్టండి.
- ఏఎం, పీఎం రెండోసారి చూసుకోండి.
- మళ్లీ ‘సెట్ టైమ్ ఆటోమేటికల్లీ’ ఆన్ చేయండి.

సెకన్ల దాకా కష్టపడొద్దు. ఒకటి రెండు నిమిషాల తేడా ఉన్నా మిగతాది సింక్ చూసుకుంటుంది.

5. ఇప్పుడు సింక్ నొక్కండి

నెట్ కలిపి, అదే పేజీలో ‘సింక్ నౌ’ నొక్కండి. పక్కన టిక్ వచ్చి, చివరిసారి సింక్ అయిన టైం, సర్వర్ పేరు కనిపిస్తాయి. ఆ టైం ఇప్పటిదేనా అని చూడండి. పాత తేదీ ఉంటే పని కానట్టే.

పాత విండోస్ 7, 8లో కంట్రోల్ ప్యానెల్‌లో డేట్ అండ్ టైమ్, అందులో ‘ఇంటర్నెట్ టైమ్’ ట్యాబ్, ‘చేంజ్ సెట్టింగ్స్’, ‘అప్‌డేట్ నౌ’. మొదటిసారి ఫెయిల్ అని వస్తే కంగారు పడకండి, ఒక నిమిషం ఆగి మళ్లీ నొక్కండి.

లోపల జరిగేది చిన్న లెక్క. మీ కంప్యూటర్ ప్రశ్న పంపిన క్షణం, జవాబు అందిన క్షణం గుర్తుపెట్టుకుంటుంది. సర్వర్ దగ్గర గడిచిన సమయం తీసేసి, ప్రయాణంలో సగం అటు, సగం ఇటు అనుకుని తేడా కడుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఈ సగం లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది కానీ, అది సెకనులో చిన్న వంతు మాత్రమే. మన అవసరాలకు ఏ నెట్ అయినా చాలు.

6. ఏ సర్వర్ పెట్టుకోవాలి

విండోస్‌లో ముందే ఉండేది టైమ్ డాట్ విండోస్ డాట్ కామ్. అది పనిచేస్తుంటే ఇంట్లో కంప్యూటర్‌కి మార్చక్కర్లేదు. మాటిమాటికీ ఫెయిల్ అవుతుంటేనే మార్చండి. కంట్రోల్ ప్యానెల్‌లోని ఇంటర్నెట్ టైమ్ పెట్టెలో పాత పేరు చెరిపి కొత్తది టైప్ చేయాలి.

- టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఆర్గ్: మన దేశ ప్రామాణిక సమయాన్ని చూసే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల (ఎన్‌పీఎల్)ది.
- సమయ్1 డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్, సమయ్2 డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్: కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ ఎన్ఐసీవి.
- ఇన్ డాట్ పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఆర్గ్: స్వచ్ఛందంగా నడిపే సర్వర్ల సమూహంలో మన దేశం భాగం.
- టైమ్ డాట్ గూగుల్ డాట్ కామ్, టైమ్ డాట్ క్లౌడ్‌ఫ్లేర్ డాట్ కామ్.

కంపెనీల, ప్రభుత్వ సంస్థల సిస్టమ్‌లు చూసేవాళ్లకు ఒక మాట. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ సర్వర్లతో గానీ, వాటితో సరిపోలే సర్వర్లతో గానీ కలపాలని ఉంది. అలాంటిచోట పై రెండింటిలో ఒకటి పెట్టడమే మంచిది.

రెండు మూడు సర్వర్లు పెట్టే వీలున్న రూటర్లలో, లినక్స్‌లో గూగుల్‌ది మిగతావాటితో కలపకండి. లీప్ సెకను (భూమి తిరిగే వేగంతో సరిపోల్చడానికి అప్పుడప్పుడు అదనంగా కలిపే సెకను) వచ్చినప్పుడు గూగుల్ దాన్ని రోజంతా కొంచెం కొంచెంగా పరుస్తుంది, చాలా సర్వర్లు ఒక్కసారే కలుపుతాయి. చివరి లీప్ సెకను మన లెక్కలో 2017 జనవరి 1 తెల్లవారుజామున 5:30కి ముందు వచ్చింది. ఇప్పట్లో రాకపోయినా, కలపకపోవడమే నయం.

7. ఇంకా ఫెయిల్ అవుతుంటే

ఈ వరసలోనే చూడండి.

సర్వీస్ నడుస్తోందా: స్టార్ట్‌లో ‘సర్వీసెస్’ అని వెతికి తెరవండి. ‘విండోస్ టైమ్’ మీద రెండుసార్లు క్లిక్ చేసి, స్టార్టప్ టైప్ ‘ఆటోమేటిక్’ పెట్టి, ‘స్టార్ట్’ నొక్కండి. ముందే నడుస్తుంటే ఒకసారి రీస్టార్ట్ చేయండి.

దారి మూసేశారా: వెబ్‌సైట్లు బాగా తెరుచుకుంటాయి, టైం మాత్రం కలవదు. ఎందుకంటే టైం కోసం వెళ్లే ప్రశ్న యూడీపీ 123 అనే వేరే పోర్టు గుండా వెళ్తుంది. దాన్ని కనిపెట్టడానికి మంచి ఉపాయం ఉంది. మీ నెట్ తీసేసి, ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి సింక్ నొక్కండి. అప్పుడు అయితే రూటర్‌లోనో, నెట్ ఇచ్చేవాళ్ల దగ్గరో ఆ పోర్టు మూసి ఉన్నట్టు. వాళ్లకు ఫోన్ చేసి ‘యూడీపీ 123 తెరవండి’ అని సూటిగా చెప్పండి. హాట్‌స్పాట్‌లోనూ కాకపోతే తప్పు కంప్యూటర్‌లోనే ఉంది. విడిగా కొన్న యాంటీవైరస్ ఫైర్‌వాల్‌ను కాసేపు ఆపి చూడండి, పరీక్ష అయ్యాక మళ్లీ ఆన్ చేయడం మరవకండి.

ఎక్కడి నుంచి తీసుకుంటోంది: కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ‘డబ్ల్యూ32టీఎం’, ఖాళీ, స్లాష్ ‘క్వెరీ’, ఖాళీ, స్లాష్ ‘స్టేటస్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయండి. ‘సోర్స్’ వరసలో సర్వర్ పేరు ఉంటే సరే. ‘లోకల్ సీమాస్ క్లాక్’ అని ఉంటే అది తన గడియారం మీదే నడుస్తోంది, ఎవరినీ అడగడం లేదు.

8. రోజూ దానంతటదే కలిసేలా

పాత విండోస్‌లో సింక్ ఏడు రోజులకు ఒకసారే జరుగుతుంది. రోజూ నడిచే షాపుకు అది చాలదని నా అభిప్రాయం. ఆన్ చేయగానే కలిసేలా ఇలా పెట్టుకోవచ్చు:

- టాస్క్ షెడ్యూలర్ తెరిచి ‘క్రియేట్ టాస్క్’ నొక్కండి.
- ‘రన్ విత్ హైయెస్ట్ ప్రివిలేజెస్’ దగ్గర టిక్ పెట్టండి.
- ట్రిగ్గర్‌లో ‘ఎట్ లాగాన్’, ఒక నిమిషం ఆలస్యం. నెట్ కలవడానికి ఆ నిమిషం కావాలి.
- యాక్షన్‌లో ప్రోగ్రామ్ ‘డబ్ల్యూ32టీఎం’, ఆర్గ్యుమెంట్ స్లాష్ ‘రీసింక్’.
- విండోస్ టైమ్ సర్వీస్ ఆటోమేటిక్‌లో ఉందో లేదో మళ్లీ చూడండి, లేకపోతే ఈ టాస్క్ ఉత్తదే.

నిమిషానికోసారి సింక్ అయ్యేలా మాత్రం పెట్టకండి. పూల్ సర్వర్లు స్వచ్ఛందంగా నడిపేవి, వాటి మీద అనవసరపు బరువు వేయడం న్యాయం కాదు. రోజుకు ఒకటి రెండుసార్లు చాలు.

రైలు తత్కాల్ టికెట్ల కోసం సెకన్లు కలుపుకునేవాళ్లు చాలామంది అడుగుతారు. ఏసీకి 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు తెరిచేది అక్కడి సర్వర్ గడియారం. మీది సరిగ్గా ఉంటే సరైన క్షణానికి సిద్ధంగా ఉంటారు, అంతవరకే.

9. లినక్స్, మాక్

మాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, డేట్ అండ్ టైమ్‌లో ఆటోమేటిక్ ఆన్ చేస్తే చాలు. ఉబుంటు లాంటి లినక్స్‌లోనూ సెట్టింగ్స్‌లో అదే పేజీ ఉంటుంది, జోన్ పేరు మాత్రం ‘ఏషియా, కోల్‌కతా’.

విండోస్, లినక్స్ రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉంటే ఐదున్నర గంటల గొడవ వస్తుంది. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ మన టైం రాస్తుంది, లినక్స్ యూటీసీ రాస్తుంది. లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే టైం ఐదున్నర గంటలు వెనక కనిపిస్తుంది. లినక్స్ టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఇస్తే రెండూ ఒక పద్ధతిలోకి వస్తాయి. లినక్స్ దీని మీద ఒక హెచ్చరిక చూపిస్తుంది. వేసవిలో గడియారం ముందుకు జరిపే అలవాటు మన దేశంలో లేదు కాబట్టి ఇక్కడ పెద్ద ఇబ్బంది రాదు.

10. సీసీ కెమెరా డీవీఆర్‌ని మరవకండి

కంప్యూటర్ టైం సరిచేసినవాళ్లు కూడా డీవీఆర్ (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) వైపు చూడరు. రొయ్యల చెరువుల దగ్గర, రైస్ మిల్లుల్లో, కొబ్బరి గోడౌన్లలో ఏళ్ల తరబడి అది తన ఇష్టానికి నడుస్తూ ఉంటుంది. ఒక మిల్లులో మోటారు పోయిన రాత్రి రికార్డు వెతకడానికి నన్ను పిలిచారు. చెప్పిన గంటంతా చూశాం, ఏమీ లేదు. డీవీఆర్ 22 నిమిషాలు ముందుందని తెలిశాక కానీ దొరకలేదు.

- జోన్ 05:30, ఎన్‌టీపీ (ఇంటర్నెట్ టైం సింక్) ఆన్, పోర్టు 123, వ్యవధి 60 నిమిషాలు.
- నెట్‌వర్క్ పేజీలో గేట్‌వే, డీఎన్ఎస్ నింపారో లేదో చూడండి. డీఎన్ఎస్ ఖాళీగా ఉంటే సర్వర్ పేరు ఎక్కడుందో డీవీఆర్‌కి తెలియదు. ఇక్కడ ఎక్కువమంది తప్పు చేసేది ఇదే.
- డీఎస్‌టీ (వేసవిలో గడియారం ముందుకు జరిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆపేయండి.

టైం మార్చే ముందు, కావాల్సిన రికార్డు ఏదైనా ఉంటే ముందే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. గడియారం వెనక్కి జరిగితే ఒకే టైంకి రెండు రికార్డులు పడి గందరగోళం అవుతుంది. పాత రికార్డుల మీద టైం కూడా మారదు, అది తప్పుగానే ఉండిపోతుంది. ఏ తేదీన, ఎన్ని నిమిషాలు, ముందుకా వెనక్కా సరిచేశారో ఒక చీటీ మీద రాసి డీవీఆర్ పెట్టెకే అతికించండి. రేపు పోలీసులు పాత రికార్డు అడిగితే ఆ చీటీ చూసి లెక్క కట్టుకోవచ్చు.